మిర్చి మేస్త్రికి వాట్సాప్ మర్యాదలు

తోటలో కాయ ఎర్రబడిందంటే ఖమ్మం, ములుగు, భద్రాద్రి రైతులకు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు గుర్తొస్తుంది. బీజాపూర్, సుక్మా, దంతెవాడ పల్లెల నుంచి కూలీల్ని తోలుకొచ్చే మేస్త్రి ఒకప్పుడు సంత సంతా తిరిగేవాడు. ఇప్పుడు చేతిలో స్మార్ట్‌ఫోనుంది. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లకు కొన్ని సలహాలు.

ముందు డీపీ. మీ మొహం పెట్టకండి, రేపు ఎవరైనా గుర్తుపడితే ఇబ్బంది. దంతేశ్వరి అమ్మవారి ఫొటో శ్రేష్ఠం. అమ్మవారిని నిలదీసేవాళ్లు ఉండరు.

టైపు చేయొద్దు, మాట పంపండి. కుంట, భోపాలపట్నం వైపు తెలుగు నడుస్తుంది. లోపలికి వెళ్తే గోండీ, జగదల్‌పూర్ చుట్టూ హల్బీ. ఆ భాషలొచ్చిన కుర్రాణ్ణి ఒకణ్ణి పెట్టుకుని వాడి గొంతుతో చెప్పించండి. రేపు గొడవైతే ఆ మాట మీది కాదు. పంపింది అందరి ఫోన్లలోంచీ చెరిపేసే సౌకర్యం వాట్సాప్‌లో ఉంది, కాకపోతే రెండు రోజుల్లోపే నొక్కెయ్యాలి. సిగ్నల్ లేని ఊళ్లకు, పాపం, పాత పద్ధతే: సంత, సల్ఫీ కల్లు, చేతిలో కొంచెం అడ్వాన్సు.

కూలి ఎంతో అంకెలో చెప్పడం మోటు. 'మంచి కూలి' అనండి. రోజుకా, కిలోకా, డబ్బులా, మిరపకాయలా అన్నది కల్లంలో దిగాక చూసుకోవచ్చు. గ్రూపులో అడ్మిన్ మాత్రమే మాట్లాడేలా సెట్టింగ్ మార్చండి. అప్పుడు అందరూ ఒప్పుకున్నట్టే ఉంటుంది.

స్టేటస్‌కు ఫొటోలు ఏరుకోవాలి. ఎండలో ఆరబోసిన తేజ మిర్చి బాగా పడుతుంది. తాలుకాయ పడదు. పొలం గట్టున పరదా పట్టా కట్టిన గుడిసె అసలే పడదు. పొద్దంతా కాయ కోసిన తల్లి రాత్రి పిల్లాడి కంట్లో నలక తీయబోయి, చేతి మంట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. అలాంటప్పుడు కెమెరా జేబులో ఉండాలి.

వయసు అడక్కండి. 'కుటుంబంతో రావచ్చు' అంటే చాలు, ఎంత మర్యాదగా ఉందో చూడండి. లాక్‌డౌన్ పడ్డాక, 2020 ఏప్రిల్‌లో, ములుగు జిల్లా పేరూరు మిరప తోటల నుంచి బీజాపూర్‌లోని సొంతూరికి కొందరు అడవి దారిన నడక మొదలుపెట్టారు. వాళ్లలో ఒకమ్మాయికి 12 ఏళ్లు. మూడు రోజులు నడిచి, ఇల్లు ఇంకా చేరకముందే చనిపోయింది. అలాంటి రోజుల్లో మేస్త్రి పాటించాల్సిన మర్యాద ఒక్కటే: నెమ్మదిగా గ్రూపులోంచి ఎగ్జిట్ అవడం.

చట్టం సంగతి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 5 మందిని, అంతకు మించి తీసుకెళ్లే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలంది. కూలీ ఫొటో అంటించి, కూలి రేటు రాసిన పాస్‌బుక్ ఇవ్వమంది. తిరిగి కట్టక్కర్లేని సగం నెల కూలి ముందే చేతిలో పెట్టమంది. ఫొటో మీరెలాగూ తీస్తున్నారు, స్టేటస్‌లో పెట్టుకోవడానికి. పాస్‌బుక్ దాకా ఎందుకు? తర్వాత 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్, వలస కూలీల నిబంధనలు వర్తించడానికి ఆ 5ను 10 చేసింది. కాబట్టి బండికి తొమ్మిది మందిని ఎక్కించండి. బళ్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు.

చివరగా, ఛత్తీస్‌గఢ్ పంచాయతీల్లో వలస వెళ్లేవాళ్ల వివరాలు రాసే రిజిస్టరు ఒకటుంటుంది. ఎవరు, ఎక్కడికి, ఎవరి వెంట అని అడుగుతారు. చుట్టాలింట్లో పెళ్లికి వెళ్తున్నారని రాయించండి. పెళ్లి ఎన్నాళ్లని అడిగితే మాత్రం కాయ అయిపోయేదాకా అని నోరు జారకండి.