మూడో భుజం

ఆ రోజు బడికి చేరేసరికే ఆలస్యమైంది. బండి గేటు దగ్గరే ఆపి, తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పడేసి, ఆరో తరగతి గదికి పరుగెత్తాను. నా సంచి నిండా రంగు కాగితాలు, కత్తెర్లు, జిగురు డబ్బాలు.

త్రిభుజాల పాఠం. సమబాహు, సమద్విబాహు, విషమబాహు అని బోర్డు మీద రాస్తే పిల్లలకు పరీక్ష దాకా గుర్తుంటుంది. తమ చేత్తో కత్తిరించి అతికిస్తే జన్మలో మరిచిపోరు. సిద్దిపేట పిల్లలు కాబట్టి సిద్దిపేట బొమ్మనే ఎంచుకున్నాను. గొల్లభామ! తలమీద కుండతో అంచు పొడుగునా వరసగా నడిచే ఆ బొమ్మ చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని నేసే చేతులు మాత్రం ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేన్నే.

"లంగాకు సమబాహు, పైటకు లంబకోణ, జడకు విషమబాహు త్రిభుజం. ముందు గడుల కాగితం మీద గీసి, తర్వాత కత్తిరించండి" అన్నాను.

కాసేపటికి గది నిండా గొల్లభామలు. ఒకామె పక్కకు ఒరిగింది, ఇంకొకామె కుండ జారుతోంది. మూడో బెంచీ పిల్ల చేసిన బొమ్మ మాత్రం ఇప్పుడే మగ్గం దిగి వచ్చినట్టుంది. స్కేలు పెట్టి చూశాను. లంగా రెండు పక్కలూ సమానం. అడుగు భుజం కాస్త పొట్టి.

"మూడూ సమానం గీయమన్న గద బిడ్డా?"

"గడులు లెక్కవెట్టి గీస్తె మూడు సమానం రావు సార్. రెండే వస్తయి."

నేనూ గీసి చూశాను. అడుగు 10 గడులు. ఎత్తు 9 పెడితే పక్క భుజాలు పొడుగయ్యాయి, 8 పెడితే పొట్టివయ్యాయి. 20 గడులతోనూ అంతే. మూడు మూలలూ గడుల గీతలు కలిసేచోటే పడాలంటే సమబాహు త్రిభుజం రానే రాదు. ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, నాకు ఒక్కసారీ తట్టలేదు.

"నీకెవరు చెప్పిన్రు?"

"మా తాత. పేక మీద పేక పడ్డకొద్ది ఇటొక పోగు, అటొక పోగు ఇడుసుకుంట పోతే లంగా వస్తదని చెప్పిండు."

నిజమే. బట్టంటేనే పడుగూ పేకలు గీసిన గడుల కాగితం. జీవితమంతా ఆ గడుల మధ్యే కూర్చున్న మనిషికి ఈ లెక్క వేళ్ల కొసల్లోనే ఉంటుంది.

"తాత ఇప్పుడు గూడ నేస్తుండా?"

"లేదు సార్. గిట్టుబాటు గాక మగ్గం ఇప్పేసిండు."

మనసు చివుక్కుమంది. అంత విద్య మూలన పడిపోకూడదు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లలతో పాటు నేనూ నేల మీద కూర్చుని నేర్చుకోవాలనిపించింది.

"ఒకనాడు మీ తాతను మన బడికి తీస్కరా బిడ్డా."

ఆ పిల్ల నావైపు వింతగా చూసింది.

"రోజూ వస్తడు గద సార్! పొద్దుగాల మీరు బండి తాళం ఇచ్చింది మా తాతకే."