నా పేరు లాక్టోబాసిల్లస్ జీజీ

కంటికి ఆననంత చిన్న బాక్టీరియాను. సూక్ష్మదర్శిని కింద పెడితే పొట్టి కడ్డీలా కనిపిస్తాను, ఒంటినిండా సన్నని నూగు. ఆ నూగుతోనే పేగు లోపలి జిగురును పట్టుకుని వేలాడతాను. జీర్ణాశయంలోని ఆమ్లాన్నీ, పైత్యరసాన్నీ తట్టుకుని అక్కడిదాకా ప్రాణాలతో చేరడమే నాకున్న విద్య. 1980లలో అమెరికాలో గోర్బాక్, గోల్డిన్ అనే పరిశోధకులు ఒక ఆరోగ్యవంతుడి పేగుల్లోంచి నన్ను వేరుచేశారు. జీజీ అన్నది వాళ్ల పేర్లలోంచి వచ్చిందే. 1990లో ఫిన్లాండు పాల సంస్థ ఒకటి నన్ను అమ్మకానికి పెట్టింది. పాలలోని చక్కెరను నేను అరిగించుకోలేను. అందుకని వేరే బాక్టీరియాతో పాలు తోడేసి, వాటిలో నన్ను కలుపుతారు.

నా బతుకులో గర్వంగా చెప్పుకోదగ్గ రోజులు ఫిన్లాండులోని టుర్కు నగరానివి. ఉబ్బసం, ఎగ్జిమా అనే చర్మపు దురద వంటివి ఉన్న కుటుంబాల్లోని 159 మంది గర్భిణులను ఎరికా ఇసొలౌరి బృందం పరీక్షకు తీసుకుంది. కొందరికి నన్ను, కొందరికి నేను లేని ఉత్తి క్యాప్సూళ్లను ఇచ్చారు. కాన్పు తర్వాత ఆరు నెలలపాటు పాలిచ్చే తల్లికో, లేదంటే నీళ్లలో కలిపి చెంచాతో బిడ్డకో పట్టారు. రెండేళ్లు నిండేసరికి నేను దక్కని 68 మంది పిల్లల్లో 31 మందికి ఎగ్జిమా వచ్చింది. నేను దక్కిన 64 మందిలో 15 మందికే వచ్చింది. 2001లో లాన్సెట్ వైద్య పత్రిక ఈ సంగతి అచ్చువేసింది. పేగు గోడ దగ్గరి రోగనిరోధక కణాలకు పసితనంలోనే ఓర్పు అలవాటు చేస్తానేమోనని పరిశోధకుల ఊహ. అయితే అలర్జీకి గుర్తుగా చూసే ఐజీఈ మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది. ఆ మాట ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

జర్మనీ పరిశోధకులు మళ్లీ పరీక్షించి, 2008లో ఫలితం ప్రకటించారు. ఈసారి ఎగ్జిమా తగ్గలేదు. పైగా పదేపదే పిల్లికూతల దగ్గు వచ్చిన పిల్లలు నా గుంపులోనే ఎక్కువ. ఆ ఫలితం విని నా మనసు చివుక్కుమంది. అయినా అదీ నా చరిత్రే, దాచుకోను.

నా అసలు బాధ ఆ పరీక్ష గురించి కాదు. టుర్కులో నేను చేసిన పనిని ప్రోబయోటిక్ అని రాసి ఉన్న ప్రతి డబ్బాకూ అంటగడుతున్నారు. మీ ఇంటి పెరుగులో ఉండేవి నాకు దూరపు చుట్టాలు. వాటి మంచి వాటికుంది, కానీ ఆ 15 మంది లెక్క వాటిది కాదు. ఇక నన్ను చూసుకునే తీరు చెప్పాలంటే దుఃఖమొస్తుంది. నడివేసవిలో ఎండకు కాలే దుకాణాల అటకల మీద రోజులు గడుపుతాను. ఇంటికి తెచ్చాక పొగలు కక్కే పాలలో పోసి కలుపుతారు. అక్కడికక్కడే చస్తాను. లోపల మేం ఎన్ని కోట్లమున్నామో చెప్పే పొట్లం మీది అంకె మాత్రం చెక్కుచెదరదు. బిడ్డకు గుణం కనిపించకపోతే నింద నామీదే. ఒకవేళ బతికి పేగు చేరినా, ఇవ్వడం మానేసిన కొద్ది రోజులకే మలంతో బయటికి పోతాను. అక్కడ కాపురం పెట్టే శక్తి నాకు లేదు.

అమ్మలారా, నన్ను కొనేముందు పొట్లం మీద జీజీ అన్న అక్షరాలతో సహా నా పూర్తి పేరు, గడువు తేదీ చూడండి. చల్లని చోట పెట్టండి, వేడిపాలలో వేయకండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు డాక్టరు చెప్పనిదే నన్ను పట్టకండి. బిడ్డకు ఇస్తున్న ఉబ్బసం మందు ఆపేసి ఆ చోట నన్ను పెట్టకండి. ఆ పని నాకు చేతకాదు.