లంక చుట్ట ఆత్మకథ

గోదావరి లంకల్లో పండిన ఆకుతో చుట్టబడి, రాజమహేంద్రవరం నుంచి కట్టలో ఒకటిగా రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్‌కు చేరి, అక్కడ ఒక ఇంటి ఇనుప బీరువా మీద పాడైపోయిన చుట్ట తన జీవితంలో చెప్పుకోదగినవిగా ఎంచుకునే విషయాలు రెండే: ఒకటి తాను పుట్టిన నేల, రెండవది వయసు వచ్చాక తాను ఏమి కాగలదో ఒక అనుభవజ్ఞుడు ముందే పసిగట్టిన సాయంత్రం.

నదీపాయల నడుమ ఒండ్రు పేరుకొని ఏర్పడి, వరదకు మునిగి తేలే భూములను లంకలంటారు. వరద తీశాక, చలికాలానికి ముందు నాటిన పొగాకు ఆ కొత్త మట్టి సారాన్ని పీల్చుకొని మందమైన, జిడ్డు పట్టిన, ఘాటైన ఆకును ఇస్తుంది. ఈ ఆకు పేరు పందొమ్మిదో శతాబ్దంలోనే ఇంగ్లండు దాకా పాకింది. ఆర్థర్ కానన్ డాయల్ 1890లో వెలువరించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్, నేరస్థుడి జాడ తీయడానికి పనికివచ్చే పొగాకు బూడిదల గురించి చెబుతూ లంక చుట్టను ప్రత్యేకంగా పేర్కొంటాడు. తెలుగునాట ‘కన్యాశుల్కం’లోని గిరీశం చేతిలో చుట్ట వెలగడం చదువరులకు తెలిసినదే. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో రాజమహేంద్రవరంలోనే ఏర్పడింది. ఇంతటి వంశంలో పుట్టానన్న గర్వం ఈ చుట్టకు చివరి వరకూ పోలేదు.

కోసిన ఆకును తాళ్లకు గుచ్చి ఆరబెట్టి, మండెలుగా, అంటే ఒత్తుగా పేర్చిన కుప్పలుగా పెడతారు. కుప్ప లోపల దానంతట అదే వేడి పుట్టి ఆకు పులుస్తుంది. ఆకులోని మాంసకృత్తులు విడిపోయి అమ్మోనియా అనే ఘాటు వాయువు వెలువడుతుంది. ఆ తరువాత ఈనె తీసి చుట్టడం చేతివాటం ఉన్నవారికి కొద్ది నిమిషాల పని. అయితే చుట్టడంతో ఆకులోని మార్పు ఆగదు. మిగిలిపోయిన అమ్మోనియా నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది. కొత్త చుట్టను తొందరపడి వెలిగించి, ముక్కు మండిందని విసిరికొట్టేవారి మీద ఈ చుట్టకు ఉన్న కినుక ఇక్కడే మొదలైంది.

కట్ట అబ్దుల్లాపూర్‌మెట్‌లోని ఇంటికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, పొగాకు వ్యాపారంలో తల నెరిసిన గోదావరి జిల్లా అతిథి ఒకరు అందులోంచి ఒకదానిని తీసి పరీక్షించారు. కాలిన చుట్టకు భవిష్యత్తు ఉండదు కనుక, తోబుట్టువు కాలుతుండగా తేలిన తీర్పు కట్టలో మిగిలినవాటికి వర్తించింది. ఆయన ముందుగా దానిని ఆ చివర నుంచి ఈ చివర దాకా వేళ్ల మధ్య మెల్లగా నొక్కి, లోపల గట్టి ముడులు గాని బోలుతనం గాని లేవని నిర్ధారించుకున్నారు. పైఆకు మీద సన్నని నూనె మెరుపు ఉందో లేదో వెలుగులో చూశారు, ఎందుకంటే ఏళ్ల తరబడి మార్పు చెందడానికి కావలసిన సరుకు ఆ నూనెల్లోనే ఉంటుంది. వెలిగించకుండానే ఒకసారి పీల్చి, ఎండుగడ్డి వాసన వెనుక ఎండుద్రాక్షను పోలిన తీపి ఉందని గమనించారు. వెలిగించాక మొదటి అంగుళం కాలేదాకా ఏమీ అనలేదు.

కొత్త చుట్టను రుచి చూడడంలో కష్టం, నేటి కరుకుదనంలో కాలంతో పోయేదెంత, పోనిదెంత అని విడదీయడంలోనే ఉంది. ముక్కుపుటాల్లో సూదిలా గుచ్చుకునే మంట అమ్మోనియాది. అది నెలల్లో తగ్గుతుంది. నాలుక అంచులను పట్టేసే వగరు ఆకులోని టానిన్లది. అది మెత్తబడడానికి ఏళ్లు పడుతుంది గాని మెత్తబడుతుంది. నాలుక మొదట్లో తిష్ఠ వేసుకొని, దమ్ము దమ్ముకూ పెరిగే చేదు మాత్రం సరిగా పులియని ఆకుదో, బిగుతు తప్పిన చుట్టుడుదో కావచ్చు. దానిని వయసు నయం చేస్తుందని ఆశపడకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పొగ వదిలాక రుచి నోట్లో ఎంతసేపు నిలుస్తుందో, ఈ మంట, వగరు అడుగున లోతైన రుచి ఒకటి తగులుతుందో లేదో చూడాలి. ఈ రోజే హాయిగా, తేలికగా ఉన్న చుట్ట కొన్నేళ్లకు చప్పబడిపోవచ్చు. మొక్క కింది భాగపు పలుచని ఆకులతో చుట్టినవి తరచు అలాగే అవుతాయి. ఎండ బాగా తగిలి మందమెక్కిన పైభాగపు ఆకులు మొదట్లో మొండిగా ఉన్నా ఎక్కువకాలం నిలుస్తాయి. కొత్త బియ్యం ముద్దకట్టిందని పారబోయక పాతబడనిచ్చే ఇళ్లలో ఈ ఓర్పు ఎప్పటి నుంచో ఉన్నదే. ఇక బూడిద తెల్లదనాన్ని బట్టి వయసును అంచనా వేయడం నమ్మదగిన పద్ధతి కాదు. బూడిద రంగు చాలావరకు ఆకు పెరిగిన నేలలోని ఖనిజాల మీద ఆధారపడుతుంది.

సగం కాల్చి పక్కన పెట్టి, “మిగిలినవి ఇప్పుడే కాల్చెయ్యకండి, రెండు మూడేళ్లు దాచండి, ఆకులో సరుకుందండి” అని ఆ పెద్దమనిషి ఇంటివారితో అన్నారు. ఈ చుట్ట తన జీవితంలో విన్న మెప్పు అదొక్కటే.

దాచడమంటే ఏమిటో మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. చుట్ట చక్కగా పాతబడాలంటే గాలిలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య, వేడి 20 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో నిలకడగా ఉండాలి. విజయవాడ రహదారి పక్కనున్న ఆ మెట్టప్రాంతంలో వేసవి మధ్యాహ్నాల వేడి 40 డిగ్రీలను తాకుతుంది, గాలిలో తేమ అడుగంటుతుంది. అటువంటి చోట, కాగితం చుట్టిన కట్టను బీరువా మీద, పాత క్యాలెండర్లకూ పనికిరాని టార్చిలైటుకూ నడుమ పెట్టి మరిచిపోయారు. మొదటి వేసవిలోనే నూనెలు ఆరిపోయాయి. తీపి వాసన ముందు పోయింది, వగరు మిగిలింది. వానాకాలంలో ఎండిన శరీరం ఒక్కసారిగా తేమ పీల్చి ఉబ్బేసరికి, సాగే గుణం కోల్పోయిన పైఆకు నిలువునా చీలింది. ఆ పైన పొగాకు పురుగు వచ్చింది. నిలవ పొగాకును తినే ఈ గోధుమరంగు చిన్న పెంకుపురుగు 30 డిగ్రీల దగ్గర వేగంగా పెరుగుతుంది. దాని పిల్లపురుగు లోపల సొరంగాలు తవ్వుకుంటూ పోయి, పెరిగి పెంకుపురుగయ్యాక గుండుసూది తల అంత రంధ్రం గుండా బయటపడింది. గాలి ఆ రంధ్రాల్లోంచే పోతుంది కనుక, ఆ తరువాత వెలిగించినా దమ్ము అందదు. ఎవరైనా ఒకసారి కట్టను దించి చూసి, గాలి చొరని డబ్బాలో పెట్టి ఉంటే ఇందులో చాలా భాగం తప్పేది. దసరాకు ఇల్లు దులిపినప్పుడు ఆ కట్ట చెత్తబుట్టలోకి పోయింది. అందులో సరుకుందని చెప్పిన మాట అప్పటికి ఎవరికీ గుర్తులేదు.

దీనికి భిన్నంగా, క్యూబా చుట్టల పెట్టెల అడుగున తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. అమెరికా 1962లో క్యూబా సరుకును నిషేధించడానికి ముందు దిగుమతైన చుట్టలను సంపన్నులు దశాబ్దాల పాటు చెక్కపెట్టెల్లో భద్రపరిచారు. నాణ్యతలో ఎంత తేడా ఉన్నా, క్యూబా చుట్టలకు దక్కిన మొదటి గౌరవం పుట్టిన తేదీ. ఈ చుట్టకు అది లేదు.

పాతబడడం వల్ల రుచి మారుతుందే గాని హాని తగ్గదన్న నిజాన్నీ ఇక్కడ దాచకూడదు. ఉత్తర కోస్తాలో నిప్పు ఉన్న చివరను నోటిలో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలి క్యాన్సర్ వచ్చిన స్త్రీలను వైద్యులు ఎందరినో చూశారు. ఎంత మేలైన ఆకైనా, ఎన్నేళ్లు దాచినా ఈ విషయంలో తేడా ఉండదు. అయినా కాల్చేవారి కోసం చుట్టే చేతులు లంకల్లో ఇంకా ఉన్నాయి గనుక, కట్ట కట్టేటప్పుడు పైకాగితం మీద చుట్టిన నెల, సంవత్సరం, ఆకు పండిన లంక పేరు రాయవలసిందిగా ఆ చుట్టేవారిని కోరవలసి ఉంది.