బ్యాటరీకి ఉరి, డైనమోకు బెయిలు

తెల్లవారుజామున లోడుతో కదలాల్సిన లారీ సెల్ఫ్ కొడితే ‘టిక్కు’మని ఊరుకుందంటే, మన దగ్గర విచారణ అక్కడికక్కడే ముగిసిపోతుంది. ముద్దాయి బ్యాటరీ. సాక్షులు అక్కర్లేదు, పంచనామా అక్కర్లేదు, మీటరు అసలే అక్కర్లేదు. పక్క లారీ నుంచి తీగలు తగిలించి బండిని లేపుతారు. సాయంత్రానికల్లా ఆటోనగర్‌లో పాత బ్యాటరీల జతను తూకానికి ఇచ్చేసి కొత్త జత బిగిస్తారు. ఓనరుగారు నిశ్చింతగా నిద్రపోతారు. బెల్టు వదులై, కరెంటు చాలినంత పుట్టించలేని డైనమో మాత్రం ఇంజను పక్కన దర్జాగా తిరుగుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు కొత్త బ్యాటరీ కూడా బోనెక్కుతుంది. అప్పుడొచ్చే తీర్పు ఇంకా ఘాటుగా ఉంటుంది: ‘ఈ కంపెనీ సరుకు బాగాలేదు, ఈసారి వేరేది వేద్దాం.’

వేరేది ఏదన్న దగ్గర సలహాలకు కొదవ లేదు. తిరుపతి పక్కన కరకంబాడిలో తయారయ్యే మన సరుకే మేలంటారు కొందరు. తాతల నాటి కోల్‌కతా కంపెనీయే గట్టిదంటారు ఇంకొందరు. ఇద్దరూ పోట్లాడుకునే ఆ డబ్బాలో ఉన్నది మాత్రం 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కూర్చిన సీసం, గంధకామ్లాల జోడీయే. పలకల మిశ్రమం మారింది, డబ్బా మారింది, నీళ్లు పోసే పని తగ్గింది. లోపలి రసాయనం మారలేదు. పేరున్న కంపెనీల మధ్య తేడా లేకపోలేదు. కానీ బ్యాటరీ ఆయుష్షును ఆ తేడా కన్నా దాన్ని మోసే లారీయే ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఈ మాట చెబితే ఎవరికీ నచ్చదు. లారీ మనది, బ్యాటరీ పరాయిది కదా!

వారంటీ నెలలు చూసి కొంటామనేవారు తాము తెలివిగా ఉన్నామనుకుంటారు. స్టిక్కరు మీద పెద్దక్షరాల్లో ఉన్న నెలలన్నీ ఉచితంగా మార్చి ఇచ్చేవి కావు. మొదటి భాగంలోనే ఉచితం. ఆ తర్వాత వాడుకున్న కాలానికి తగ్గట్టు ధరలో కొంత తగ్గింపు ఇస్తారు, మిగతాది మనమే కట్టుకోవాలి. సొంత కారుకు ఇచ్చే వారంటీ కిరాయి బండికి వర్తించకపోవడమూ మామూలే. పైగా ఛార్జింగు లోపం వల్ల పాడైందని తేలితే ఆ వారంటీ కార్డు అద్దానికి అంటించుకోవడానికి తప్ప పనికిరాదు. చదవాల్సిన గీత ఒకటి వేరే ఉంది, దాన్ని ఎవరూ చదవరు: తయారైన తేదీ. సీసపు బ్యాటరీ బండికెక్కకపోయినా, షాపులో అరమీద కూర్చునే తన ఛార్జిని తాను తింటుంది. అలా నెలల తరబడి ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. కొత్త డబ్బాలో ముసలి బ్యాటరీ దొరుకుతుంది.

ఇక అంకెల మోజు. కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లు ఎక్కువున్నది కావాలని అడగడం కొత్త ఫ్యాషను. ఆ అంకెను కొలిచేది మైనస్ 18 డిగ్రీల చలిలో. రామగుండం, రెంటచింతల ఎండల్లో తిరిగే లారీకి ఆ పరీక్ష! సెల్ఫ్‌ను లాగే సత్తాకు అది ఒక గుర్తు, కాదనలేం. కానీ మన బ్యాటరీని చంపేది చలి కాదు, వేడి. సుమారు 25 డిగ్రీల దగ్గర ఉండాల్సిన దాన్ని అంతకంటే పది డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంచితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఈ రంగంలో పాత లెక్క. వేడికి నీరు ఆవిరవుతుంది, పలకల లోపలి జాలీ తుప్పుపడుతుంది. మార్చిలో డిస్టిల్డ్ వాటర్ పోయని యజమాని మేలో కంపెనీని తిట్టడం మన వేసవి సంప్రదాయం.

అసలు ఘోరం జతలో జరుగుతుంది. పెద్ద లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిస్తేనే 24 అవుతుంది. డబ్బు మిగులుతుందని ఒకటి మార్చి రెండోది పాతదే ఉంచుతారు. డైనమో ఇచ్చే 28 వోల్టుల్లో ఒకటి 15 లాక్కుంటే రెండోదానికి మిగిలేది 13. ఒకటి ఉడికిపోతుంది, ఇంకొకటి ఆకలితో చస్తుంది. ఈలోగా పాటల పెట్టెకు, ఫోను ఛార్జరుకు, దేవుడి పటం చుట్టూ మెరిసే రంగు దీపాలకు 12 వోల్టులు కావాలి. కన్వర్టరు పెట్టడం దండగనిపించి జతలో ఒక్క బ్యాటరీ మీంచే తీగ లాగుతారు. రాత్రంతా ఒకటే మోస్తుంది, పొద్దున రెండూ కలిసి సెల్ఫ్ కొట్టాలి. దేవుడి పటానికి వెలుగిచ్చిన ఆ బ్యాటరీని దేవుడైనా కాపాడలేడు. దీనికి తోడు మూడున్నర టన్నులు దాటిన కొత్త సరుకు లారీల క్యాబిన్లలో 2025 నుంచి ఏసీ తప్పనిసరి. డ్రైవరుకు అది ఎప్పుడో రావాల్సిన మేలు. బానెట్టు కింది వైరింగును ఇలాగే ఉంచితే మాత్రం ఆ భారమూ బ్యాటరీ నెత్తికే.

‘అయితే ఏది కొన్నా ఒకటేనా?’ అని అడగవచ్చు. కాదు. లారీ కుదుపులకు తట్టుకునేలా కట్టిన హెవీ డ్యూటీ రకమే కావాలి. బండి కంపెనీ చెప్పిన ఆంపియర్-అవర్ తగ్గకూడదు. కింది క్లాంపు కదలకుండా ఉండాలి. పేరు గురించిన చర్చ ఇవన్నీ తేలాకే. ‘లోడు ఆగితే కిరాయి పోతుంది, మీటర్లు పట్టుకుని కూర్చునే తీరిక ఎక్కడ?’ అనేది రెండో మాట. న్యాయమైనదే. కానీ మల్టీమీటరు ఖరీదు వందల్లో, బ్యాటరీ జత వేలల్లో. పరీక్షకు పట్టేది టీ తాగేంత సేపు. రాత్రంతా ఆగిన బండిలో విడివిడిగా కొలిస్తే ఒక్కో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఛార్జి పెట్టాక కూడా ఒకటి పదిన్నర దగ్గరే నిలిచిపోతే ఆరు సెల్లుల్లో ఒకటి పోయినట్టే. అప్పుడు శిక్ష వేయండి, ఎవరూ అడ్డుచెప్పరు. ‘షాపువాడు చెబుతాడులే’ అనేది మూడో మాట. బెల్టు బిగిస్తే షాపుకు లాభం రాదు, బ్యాటరీ అమ్మితే వస్తుంది. ఆయన సలహా ఎటు మొగ్గుతుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

కాబట్టి లారీ ఓనర్లకు ఒక్క విన్నపం. ఏ బ్యాటరీ మంచిదని అడిగే ముందు ఇంజను నడుస్తుండగా టెర్మినళ్ల మీద వోల్టేజి చూడండి. 24 వోల్టుల బండిలో అది 28కి దగ్గరగా లేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని ముందు డైనమో, బెల్టు, ఎర్తు తీగ చూపించండి. అన్నీ బాగుండీ బ్యాటరీయే చచ్చిందని తేలితే రెండూ ఒకేసారి, ఒకే రకం, ఈ మధ్యే తయారైనవి కొనండి. పాటల పెట్టెకు కన్వర్టరు కూడా ఆ రోజే బిగించండి.