కామా మాహాత్మ్యం

రూబీ ప్రోగ్రామింగ్ భాష 3.4 వెర్షన్‌లో బ్లాకులకు ‘ఇట్’ అనే కొత్త చుట్టం వచ్చింది. పారామీటర్‌కు పేరు పెట్టే శ్రమ తప్పిందని ఊరేగింపులు జరుగుతున్నాయి. ఎన్ని ఆర్గ్యుమెంట్లు వచ్చాయో లెక్క చూసే శ్రమ ఆ బ్లాకులకు మొదటినుంచీ లేదు కనుక, ఇక మిగిలిన పని ఊపిరి పీల్చడమే.

రూబీలో క్లోజర్లు రెండు రకాలు. లాంబ్డా లెక్క మనిషి. రెండు పారామీటర్లు ఉన్నచోట మూడు పంపితే ఆర్గ్యుమెంట్‌ఎర్రర్ విసిరి అక్కడే ఆగుతుంది. ప్రాక్ ఒట్టి మొహమాటస్తుడు. తక్కువ పంపితే ఖాళీల్లో నిల్ పెట్టుకుంటుంది, ఎక్కువ పంపితే చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. బ్లాకులదీ ఇదే వంశం. 1.8 రోజుల్లో ‘ప్రాక్’ అనే మెథడ్ లాంబ్డానే తయారుచేసేది. 1.9లో అదే పేరుకు మొహమాటం అంటించారు.

ఈ మర్యాదకు పరాకాష్ఠ అర్రే దగ్గర కనిపిస్తుంది. రెండు పారామీటర్లున్న ప్రాక్‌కు ఒకే ఒక్క అర్రే వస్తే దాన్ని విప్పి చెరొకటి పంచుతుంది. హ్యాష్‌ను తిప్పేటప్పుడు కీ, విలువ విడివిడిగా చేతికందేది ఇందువల్లే. అంతవరకు ఉపకారమే. ఒక్క పారామీటరే ఉంటే విప్పదు. అదీ న్యాయమే.

ఇప్పుడు ఆ ఒక్క పారామీటర్ పక్కన కామా పెట్టాలి. కామా తర్వాత ఏమీ రాయనక్కర్లేదు. [1, 2] పంపితే కామా లేని ప్రాక్‌కు మొత్తం అర్రే దక్కుతుంది, కామా ఉన్నదానికి 1 దక్కుతుంది. 2 ఏమైందని అడిగే నాథుడు లేడు.

ఆ రెండు ప్రాక్‌లనూ అరిటీ, అంటే తీసుకునే ఆర్గ్యుమెంట్ల లెక్క, ఎంతని అడిగితే రెండూ 1 అనే చెబుతాయి. అంటే ప్రవర్తనను తలకిందులు చేసే కామా లెక్కలోకే రాదు. చదివేవాడి కంటికి అది చెయ్యిజారి పడిన అక్షరం. చక్కదిద్దుదామని ఎవరైనా చెరిపేస్తే ప్రోగ్రామ్ నోరు మెదపకుండా మరో దారి పడుతుంది.

2.7లో వచ్చిన అంకెల పారామీటర్లకూ ఈ జబ్బే తగిలింది. అండర్‌స్కోర్ 1 ఒంటరిగా ఉంటే మొత్తం అర్రే. అదే బ్లాకు చివరి లైన్లో ఎవరైనా అండర్‌స్కోర్ 2 చేర్చారా, పైనున్న అండర్‌స్కోర్ 1 అర్థం మారి, అర్రేలోని మొదటి అంశం అయిపోతుంది. మొదటి లైన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ‘ఇట్’ ఈ తంటా ఒక్కటి తప్పించింది. అదనంగా వచ్చినవాటిని పారేయడం అదీ మానలేదు.

దీన్నంతా ప్రోగ్రామర్ ఆనందం అంటున్నారు. ఎవడి ఆనందం? నిల్ పుట్టిన చోట కిక్కురుమనదు. నాలుగు మెథడ్లు దాటాక, దానితో ఏ సంబంధమూ లేని లైన్లో నోమెథడ్‌ఎర్రర్‌గా పేలుతుంది. తప్పుగా పిలిచినవాడు ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయాడు. అర్ధరాత్రి లాగ్‌లు తవ్వేది ఇంకొకడు. ఇది సౌలభ్యం కాదు, బాధ్యత ఎగ్గొట్టడం. అతి తక్కువ ఆశ్చర్యం కలిగించే భాష అని రూబీకి పేరు. ఆ ఆశ్చర్యం తన ఆశ్చర్యమేనని భాషాకర్త యుకిహిరో మత్సుమోతో ఏనాడో చెప్పేశారు. మిగతావాళ్ల ఆశ్చర్యానికి గ్యారంటీ లేదు.

అరిటీ అంకెలు మరో వినోదం. ఒకటి తప్పనిసరి, ఒకటి ఐచ్ఛికం అయిన పారామీటర్లతో లాంబ్డా తన అరిటీ మైనస్ 2 అంటుంది. అవే పారామీటర్లతో ప్రాక్ 1 అంటుంది.

ఇక లెక్క పాటించేవాడికి దక్కిన గౌరవం. హ్యాష్‌ను ఈచ్‌తో తిప్పుతూ కీ, విలువ అని రెండు పారామీటర్లున్న లాంబ్డాను బ్లాకుగా ఇస్తే 3.0 నుంచి ఆర్గ్యుమెంట్‌ఎర్రర్. వచ్చేది రెండు అంశాల అర్రే ఒక్కటే కనుక తర్కం ప్రకారం సరైనదే. అవే రెండు పేర్లు మామూలు బ్లాకులో రాస్తే హాయిగా నడుస్తుంది. లాంబ్డాయే కావాలంటే ఆ రెండు పేర్లనూ ఇంకో జత బ్రాకెట్లలో చుట్టాలి.