స్టెప్నీ పైపు

చిన్న ఊరికి రెండో మంచినీటి పైపులైను వస్తోందనగానే అందరూ అడిగేది ఒకటే: మా వీధిదాకా వస్తుందా? ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగే పుణ్యాత్ముడు అరుదు. నాగార్జునసాగర్ కాలువ చివరి ఊళ్లనే తీసుకోండి. కాలువ పారినన్నాళ్లూ మంచినీటి చెరువు నింపుకుని, కాలువ కట్టేశాక ఆ నీళ్లతోనే వేసవి గట్టెక్కాలి. ఆ చెరువు నుంచే ఇంకో పైపు లాగి దానికి ప్రత్యామ్నాయమని పేరు పెడితే, చెరువు అడుగంటిన రోజున రెండు పైపులూ కలిసికట్టుగా గాలి సరఫరా చేస్తాయి. పైపు పగిలినప్పుడు పనికొస్తుంది, కాదనను. పగిలిన పైపుకి అతుకు వేయొచ్చు. ఎండిన చెరువుకి అతుకు వేసే మేస్త్రీ ఇంకా పుట్టలేదు. అందుకే రెండో లైనుకి నీళ్లూ వేరే చోటి నుంచి రావాలి, దాని మోటారుకి కరెంటూ వేరే ఫీడరు నుంచి రావాలి. అంతేకాదు, అది ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర ఆగిపోవాలి. వీధుల్లోకి అడుగుపెట్టకూడదు.

"వీధికి రాని పైపు ఎవరికోసమండీ?" అంటారు. హైదరాబాదును చూడండి. ఉస్మాన్‌సాగర్ చాలక హిమాయత్‌సాగర్, ఆపైన మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి. వచ్చిన నీళ్లనల్లా నగరం తాగేసి, తర్వాతివి ఎప్పుడని అడిగింది. చిన్న ఊరు ఇందుకు మినహాయింపేం కాదు. అదనపు లైను మీద ఇంటి కనెక్షన్లు ఇచ్చారంటే వారం తిరక్కుండా వాటికి మోటార్లు బిగుస్తాయి. ఆపద వచ్చేనాటికి ఆపద్ధర్మం మిగలదు. అలాగని లైనుకి తాళం వేసి దాచుకుందామంటే అదీ కుదరదు. నిలవున్న నీళ్లలో క్లోరిన్ హరించుకుపోతుంది. కుళాయి దగ్గర లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలన్నది ప్రమాణం. తిప్పని వాల్వు తుప్పుతో బిగుసుకుంటుంది. కారు డిక్కీలో స్టెప్నీ ఉందన్న ధీమా టైరు పంక్చరయ్యేదాకానే. దింపి చూస్తే దాంట్లోనూ గాలుండదు. కాబట్టి రోజూ కాసిని నీళ్లు ఆ లైనులోంచి ట్యాంకుకి పారుతూ ఉండాలి. అది వృథా కాదు, ఎలాగూ ఊరే తాగుతుంది.

ఇక డబ్బు సంగతి. ఎప్పుడో అవసరపడే దానికి అంత లావు పైపెందుకు, రెండంగుళాలు తగ్గిస్తే పోలేదా అని లెక్కల మనిషి సలహా. అదే ఒత్తిడి మీద 12 అంగుళాల పైపు బదులు 10 వేస్తే నీళ్లు 38 శాతం దాకా తగ్గిపోతాయి. పైపు తగ్గేది రెండంగుళాలు, బిందెలు తగ్గేది మూడో వంతు పైనే! అసలు లైనే వద్దనుకుంటే రైలుంది. 2016 ఏప్రిల్‌లో, మహారాష్ట్ర కరువులో, మిరజ్ నుంచి లాతూరుకి, సుమారు 340 కిలోమీటర్ల దూరం, మొదటి నీళ్ల రైలు తెచ్చింది 5 లక్షల లీటర్లు. యాభై వేల జనాభా ఉన్న ఊరికి పంచినా తలకి పది లీటర్లు. స్నానమా, వంటా అని ఇంటిల్లిపాదీ ఓటింగు పెట్టుకోవాలి.

ఇవి కౌన్సిలర్లకి రుచించే మాటలు కావు. ట్యాంకు దగ్గర ఆగిపోయిన పైపుకి ఓట్లు రాలవు, శిలాఫలకానికి వీధి మలుపూ దొరకదు. మీరు మాత్రం ప్రారంభోత్సవం నాటి ధార చూసి మురిసిపోకండి, ఆ రోజు ఎలాగైనా నీళ్లొస్తాయి. ఆరు నెలలాగి, ఏ పండగా లేని ఒక మంగళవారం వెళ్లి, ఆ వాల్వు ఒకసారి తిప్పి చూపించమని అడగండి.