పుక్కిలి పండితుడు

లోకములో త్రాగువారు కలరు, త్రాగనివారు కలరు. త్రాగి త్రాగలేదని ప్రమాణము చేయువారును, త్రాగకయే తూలువారును మా మండలమున కొరతలేకుండ కలరు. ఈ నాలుగు తెగలకును చెందక, నోటినిండ పుచ్చుకొని, కన్నులు మూసి, బుగ్గల నిటునటు కదలించి, పిమ్మట సర్వమును ఉమిసివేసి, ఉమిసినదానిని గూర్చి అరగంటసేపు ఉపన్యసించు అయిదవ తెగవాడొకడు ఇటీవల బయలుదేరినాడు. పూర్వ మితడు బెంగుళూరునందు మాత్రమే కానవచ్చెడివాడు. ఇప్పుడు సంక్రాంతికిని, గంగజాతరకును నిమ్మనపల్లెకు సయితము విచ్చేయుచున్నాడు. ఇతనికి నేను పుక్కిలి పండితుడని నామకరణము చేసితిని.

ఇతడు పుట్టుకతో పండితుడు కాడు. తండ్రి బాహుదా నీటి క్రింద టమోటా పెట్టి, మదనపల్లె మండీలో ధర పలికిన యేడు కొడుకు చదువునకును, పలుకని యేడు అప్పునకును లెక్క వ్రాసికొనుచుండగా, ఆ లెక్కల నడుమ పెరిగి, మదనపల్లె కళాశాలలో పట్టము పుచ్చుకొని, బెంగుళూరు చేరి, మద్యపు సీసాలకు లేబుళ్ళు అచ్చువేయు ఒక ముద్రణాలయమున కుదురుకొన్నవాడు. పదేండ్లు సీసాకు వెలుపల అంటించు కాగితమునే చూచినవానిని యజమాని యొక మార్చి మాసమున జర్మనీ దేశమునకు పంపెను. లోపలి ద్రవముతో ఇతనికి పరిచయము కలిగిన దప్పుడే. ఆ పరిచయమును ఆ తరువాత ఎవ్వరును మాన్పలేకపోయిరి.

రైను నదీతీరమున డ్యూసెల్‌డార్ఫ్ నగరమందు 1994లో ఆరంభమైన ప్రోవైన్ అను ద్రాక్షాసవముల అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనము కలదు. వెరోనాలోని వినిటాలీ 1967 నాటిది, బోర్దోలో పుట్టిన వినెక్స్‌పో 1981 నాటిది, కనుక వయస్సున అవి పెద్దవే. కాని మన పండితుడు వానిని చూచి యుండలేదు గావున వానిని లెక్కింపడు. ఈ ప్రదర్శనమునకు వ్యాపారస్థులకే గాని వట్టి త్రాగుబోతులకు ప్రవేశము లేదు. 2019లో అరువదికి పైగా దేశములనుండి సుమారు 6,900 మంది తమ సరకు తెచ్చి అచ్చట అంగళ్ళు పెట్టిరి. ఉదయము 9 గంటలనుండి సాయంత్రము 6 గంటలవరకు, మూడు దినములు. మన పండితుడు ఒక్క అంగడియు విడువక సర్వమును రుచిచూచితినని చెప్పుచుండగా, అప్పుల లెక్కలో ఆరితేరిన అతని తండ్రి వ్రేళ్ళు మడచి, నడక మానివేసినను అంగడికి 14 సెకండ్లకు మించి రాదని తేల్చెను. దానికి పండితుడు చిరునవ్వు నవ్వి, నిజమైన నాలుకకు ఏడు చాలునని సెలవిచ్చెను.

అచ్చట ప్రతి బల్లమీదను పొడుగుకాడ గాజుగిన్నెతోపాటు ఒక తమ్మపడిగ ఉండును. అడుగంటునంత పోయుదురు, రంగు చూడవలెను, గిన్నెను గిరగిర త్రిప్పవలెను, ముక్కు లోపల దూర్చి వాసన పట్టవలెను, పుక్కిలింపవలెను, ఉమియవలెను. దినమునకు నూరు రకములు చూడవలసిన బేరగాడు మ్రింగుచు పోయినచో పదవదానితో బేరము, ఇరువదవదానితో బేరగాడును పడిపోవుదురు గనుక, ఈ యాచారము మిక్కిలి వివేకవంతమైనదే. అయితే వ్యాపారికి సాధనమైన ఈ యుమ్ము మన పండితునకు సిద్ధాంతమై కూర్చుండుటయే చిక్కు.

తిరిగివచ్చిన పిమ్మట మెడలో వ్రేలాడదీసికొన్న ప్రవేశపు బిళ్ళ తీయకుండగనే రచ్చబండ చేరి, మోసెల్ లోయలోని పలకరాతి కొండచరియలలో పండిన రీస్లింగు ద్రాక్షయందు తడిసిన రాతివాసన యెట్లు తోచునో వివరించెను. విన్నవారిలో పెద్దాయన ఒకడు చుట్ట దించి అడిగెను: "దుడ్లు పెట్టి ఇమానమెక్కి అంత దూరం పొయ్యి, నోట్లో పోసిందంతా ఉమిసేసొచ్చినావా అబ్బోడా? మీ నాయన సైకిలు తొక్కుకోని కర్ణాటక దంకా పొయ్యొచ్చేవాడే, సుక్క గూడా కింద పన్నీలేదే!"

ఈ మాటలో చరిత్ర కలదు. 1937 అక్టోబరులో సేలముజిల్లాయందు రాజాజీగారు మద్యనిషేధము పెట్టిన మరుసటియేడే అది చిత్తూరుజిల్లాకు వచ్చెను; మరల 1995 జనవరిలో రాష్ట్రమంతటను వచ్చి, 1997లో పోయెను. సరిహద్దు ప్రక్కనే యున్న మావంటి యూళ్ళకు నిషేధ మనగా కొంత వ్యాయామము మాత్రమే. ఇట్టి యూరిలో ఉమియుటను గూర్చి ప్రసంగింప సాహసించినందుకు మన పండితుని ధైర్యము మెచ్చదగినదే.

అతడు చలింపక అమృత్ విస్కీ ప్రస్తావన తెచ్చెను. బెంగుళూరులో 1948లో స్థాపింపబడిన ఆ సంస్థవారి సింగిల్ మాల్టు 2004లో గ్లాస్గో నగరమున మొదట విడుదలయి, అచ్చటివారు మెచ్చిన తరువాతగాని పుట్టినయూరి యంగళ్ళకు చేరలేదు. ఊరికి నాలుగు గంటల దూరమున తయారగు సరకు రుచి విమానమెక్కిన తరువాతనే తెలిసినవాడు గావున, ఈ కథను మన పండితుడు ప్రత్యేకమైన ఆత్మీయతతో చెప్పును. "స్కాట్లండు చలిలో పీపాలోనుంచి ఏడాదికి నూటికి 2 పాళ్ళు ఆవిరవుతుంది పెద్దనాయనా, మన బెంగుళూరు ఎండకు 10 పాళ్ళు దాటిపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు." పెద్దాయన దీర్ఘముగా ఆలోచించి, "అట్లయితే దేవుళ్ళు గూడా మన పక్కనోళ్ళే ఎక్కువ తాగుతారన్నమాట!" అని చుట్ట మరల ముట్టించెను.

ఇంటియందు ఇతని విద్య మరింత ప్రకాశించును. తల్లి రాగిసంగటిలోనికి ఉలవచారు పోసిన, గిన్నెను గిరగిర త్రిప్పి, వాసన చూచి, "మొదట చింతపండు, నడుమ కట్టెపొగ, చివర కొంచెము ఇనుము" అని ప్రకటించును. "ఒరే నాయనా, సల్లారిపోతాంది, తినరా" అని ఆ తల్లి. ఒక పెండ్లిలో సేమియాపాయసము నోట పోసికొని, బుగ్గలు పొంగించి, అలవాటుచొప్పున తమ్మపడిగకై నలుదిక్కులు పరికింపగా, వియ్యంకురాలు పాయసము చెడిపోయెనని భ్రమించి కంటతడి పెట్టెను. మ్రింగి చూపిన తరువాతగాని పెండ్లి ముందునకు సాగలేదు.

రుచి నెరిగినవారు మాప్రాంతమున లేరా యన్న, కావలసినంతమంది కలరు. పుంగనూరు చింతపండు వ్యాపారి ఒక్క తొన నాలుకపై నుంచి అది ఈ యేటిదో నిరుటిదో చెప్పివేయును. పట్టుగూళ్ళు కొనువాడు గూటిని చెవియొద్ద ఆడించి లోపలి పురుగు సంగతి గ్రహించును. మండీలో టమోటాను బొటనవ్రేలితో నొక్కినవాడు, ఇది ఎన్నినాళ్ళ ప్రయాణమునకు తాళునో ఆ నొక్కుతోనే తెలిసికొనును. వీరెవ్వరును వర్ణింపరు, ధర చెప్పుదురు. పొరబడిన నష్టము తమది గావున పొదుపుగా మాటాడుదురు. మన పండితుని మాటకు అట్టి నష్టభయము లేదు, కనుక అది జలాశయము గేట్లెత్తినట్లు పారును.

డ్యూసెల్‌డార్ఫునుండి తెచ్చిన సీసా యొకటి అతని బీరువాలో, అద్దము వెనుక, లేబులు వీధివైపునకు తిరిగియున్నది. అల్లుడు వచ్చినను, అధికారి వచ్చినను దాని బిరడా ఊడలేదు. ఇంకను పక్వము కావలెనని అతడు చెప్పును. తెరచి నలుగురికి పోసినచో ఆ నలుగురికిని నాలుకలుండుటచేత, లోపలి రుచి వెలుపలి వర్ణనతో పోల్చబడునను భయమే అసలు కారణమని నా నమ్మకము.

భగవంతుడు నాలుకకు రుచిచూచుట, పలుకుట యని రెండు పనులు విధించెను. పుక్కిలి పండితుడు మొదటిదానిని రెండవదానికి జీతము లేని సేవకునిగా నియమించినాడు. ఇంతకు మించి అతనియందు దోషము లేదు. అప్పుచేయడు, తూలడు, పోలీసులను పిలిపింపడు. కావున పాఠకులారా, అతడు మీ యింటికి వచ్చినచో వెరవక మజ్జిగ ఇండు. ఏ యూరి గేదెదో మాత్రము చెప్పకుడు. ఆ యొక్క వివర మందినచో రాత్రి భోజనమునకు సయితము అతడు కదలడు.